తిరువూరులో ఒక తల తక్కువ

మొన్న మా మనవరాలు కంప్యూటరు ముందు కూర్చుని తెగ విసుక్కుంటోంది. ఇళ్ళ ప్లాన్లు గీసే ప్రోగ్రామేదో కావాలట. బయటివాళ్ళు కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి, కాలేజీ పిల్లలకైతే ఇంచుమించు ఉచితం. అయితే తను నిజంగా విద్యార్థినేనని రుజువు చూపించమంటోంది ఆ కంపెనీ. కాలేజీ కార్డు ఫోటో తీసి పంపితే చాలదంది. మీ డిపార్టుమెంటుకి మా దగ్గర సభ్యత్వం ఉందా అని అడిగింది. "నేను స్టూడెంటునో కాదో తేల్చడానికి వీళ్ళెవరు తాతయ్యా?" అంది పిల్ల. నాకు నవ్వొచ్చింది. ఉద్యోగం పేరుతో ఏళ్ళ తరబడి నేను చేసింది ఆ పనే మరి.

ఇది చదివేవాళ్ళలో కుర్రవాళ్ళుంటే మీకోసం కాస్త వివరంగా చెబుతాను. డెబ్బైల నాటి మాట. అప్పట్లో కంప్యూటరంటే పేపర్లో చదివి ఆశ్చర్యపోవడమే తప్ప చూసినవాడు లేడు. మేం కాలేజీలకు ఇచ్చేది ఫిల్ములు. బెజవాడలో ఒక విద్యాచిత్రాల సంఘం ఉండేది. ఇప్పుడు లేదు కనక పేరెందుకు. గింజ మొలకెత్తడం, గుండె కొట్టుకోవడం, నత్త నడవడం, ఇలాంటివన్నీ చిన్న చిన్న రీళ్ళుగా చుట్టి రేకు డబ్బాల్లో పెట్టి పంపేవాళ్ళం. కాలేజీలో ఏ డిపార్టుమెంటైనా సభ్యత్వం తీసుకుంటే ఏడాది పొడుగునా ఫిల్ములు వెళ్ళేవి, వాటితో పాటు ఒక ప్రొజెక్టరు కూడా.

ఫిల్ములు తీసినవాళ్ళు మాకు అంత చవగ్గా ఎందుకిచ్చారంటే, చదువుకునే పిల్లలు తప్ప ఇంకెవరూ చూడరని మేం మాటిచ్చాం కాబట్టి. అందుకని షరతులు ఉండేవి. వృక్షశాస్త్రం వాళ్ళ సభ్యత్వం మీద వృక్షశాస్త్రం పిల్లలే చూడాలి. బయటివాళ్ళకి వెయ్యకూడదు. ఆ డిపార్టుమెంటులో పిల్లలు ఇంతమందికి తగ్గకూడదు, తగ్గితే సభ్యత్వం రద్దు. ఇవన్నీ సక్రమంగా జరుగుతున్నాయో లేదో చూడ్డానికి కాలేజీ కాలేజీకీ తిరిగేవాణ్ణి నేను. కాగితం మీద నా హోదా చాలా ఘనంగా ఉండేది గానీ, ఆఫీసులో అందరూ నన్ను తలకాయల గుమాస్తా అనేవారు. దీపాలార్పే ముందు బెంచీల మీద తలకాయలు లెక్కపెట్టడమే కదా నా పని.

ఆ పేరు పెట్టింది మా ఆఫీసులో తెగిన ఫిల్ములు అతికే పెద్దాయన. మహా చమత్కారి. తిరిగొచ్చిన డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. "దీన్ని పెళ్ళింట్లో వేశారు, బూందీ వాసనొస్తోంది," అనేవాడు. ఒక ఊళ్ళో అయితే తలలు చాలక బస్సు కోసం ఎదురుచూస్తున్న వాళ్ళని పిలుచుకొచ్చి బెంచీల మీద కూర్చోబెట్టారు. హాజరు పిలుస్తుంటే మీసాలాయన ఒకడు ఆడపిల్ల పేరుకి పలికాడు. అలాంటి కాలేజీల మీద నాకు జాలి ఉండేది కాదు. ఒక్క గీతతో సభ్యత్వం కొట్టేసి బస్సెక్కేవాణ్ణి. ఉద్యోగంలో నేను కాస్త గట్టిపిండాన్నే.

తిరువూరులో నేను చెప్పబోయే కాలేజీ అప్పట్లో కొత్తగా పెట్టింది. ఊళ్ళో రైసుమిల్లు షావుకారు తన గిడ్డంగి షెడ్డు ఇస్తే అందులో గదులు కట్టుకున్నారు. ఇప్పుడా కాలేజీ లేదు. ప్రిన్సిపాల్‌గారు హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరై వచ్చినాయన. భుజాన మడత నలగని కండువా, చేతిలో పేకబెత్తం. బెత్తంతో ఎవర్నీ కొట్టగా నేను చూళ్ళేదు గానీ, ఆయన వరండాలో నడుస్తుంటే కాకులు కూడా గోడ దిగేవి. విస్సన్నపేట, ఎ.కొండూరు వైపు నుంచి పిల్లల్ని రప్పించడానికి ఆయన గోడల మీద రాయించిన ప్రకటనలో మొదటి మాట 'ఫిల్ముల ద్వారా బోధన'. చుట్టుపక్కల ఇంకే కాలేజీకీ ఆ భాగ్యం లేదని చెప్పుకుని మురిసేవారు.

వృక్షశాస్త్రం లెక్చరరు మరో రకం మనిషి. మిషన్ స్కూలు టీచరుగారి అబ్బాయి. సన్నగా ఉండేవాడు, గొంతు ఇంకా సన్నం. ప్రొజెక్టరు ముట్టుకునే ముందు చెప్పులు విప్పి బయట పెట్టేవాడు. అదేమిటండీ, ఇదేమన్నా గుడా చర్చా అంటే, దుమ్ము పడితే రీలు గీసుకుపోతుందండీ అనేవాడు. నేను చూసిన కాలేజీలన్నిట్లోనూ రీళ్ళు గీత పడకుండా తిరిగొచ్చేది అక్కణ్ణించే. అందుచేత ఆయనంటే మా అతికే పెద్దాయనకి కూడా గౌరవమే.

ఆ ఏడు కార్తీకమాసంలో తనిఖీకి వెళ్ళాను. ముందుగా చెప్పకుండా వెళ్ళడం మా పద్ధతి. ల్యాబులో కిటికీలకు దుప్పట్లు కట్టి పిల్లల్ని కూర్చోబెట్టారు. మగపిల్లలు ముందు, ఆడపిల్లలు వెనక తలుపు దగ్గర. నేను ప్రొజెక్టరు పక్కన నిలబడి తలలు లెక్కపెట్టాను. ఉండాల్సిన దానికి ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఆఖరి బెంచీ మీద ఒకమ్మాయి ఓణీ నిండా కప్పుకుని, ఒళ్ళో ఏదో మూట పెట్టుకుని కూర్చుంది. క్యారేజీ సంచి కాబోలు అనుకున్నాను. లెక్చరరుగారు హాజరు పిలిచాడు, అందరూ పలికారు, దీపం ఆర్పాడు.

పువ్వు కాయగా మారడం గురించిన ఫిల్ము అది. నేను అప్పటికి చాలాసార్లు చూసిందే. ప్రొజెక్టరు టకటకమని ఒకే తీరుగా కొట్టుకుంటుంటే నాకే కునుకు పట్టింది. ఇంతలో కరెంటు పోయింది. బొమ్మ పోయింది, శబ్దం ఆగిపోయింది. ఆ చప్పుడు మీదే ఇంతసేపూ నిద్రపోతున్న ప్రాణి ఒకటి వెనక బెంచీలో లేచి గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది.

మగపిల్లల్లో ఒకడు గట్టిగా దగ్గాడు. ఇంకొకడు బెంచీ మీద దరువేశాడు. వాళ్ళందరికీ తెలుసని అప్పుడే నాకర్థమైంది. కానీ పసివాడి ఏడుపుని ఏ దరువు ఆపగలదు? ఎవరో కిటికీ దుప్పటి లాగేశారు. వెలుగులో చూద్దును కదా, నేను క్యారేజీ అనుకున్న మూట నాలుగైదు నెలల పిల్లాడు. ఆ అమ్మాయి వాణ్ణి భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. లెక్చరరుగారి మొహాన నెత్తురు చుక్క లేదు.

ఏడుపు విని ప్రిన్సిపాల్‌గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ముందు ఆ అమ్మాయిని చూసి, "నువ్వు మానేశావు కదా, ఇక్కడెందుకున్నావు?" అన్నారు. ఆ తరవాత నన్ను చూశారు. ఆయన తెలివైనవాడు. నేనెవర్నో, ఎందుకొచ్చానో, పిల్లలు ఎంతమంది ఉండాలో అన్నీ ఒక్క రెప్పపాటులో గుర్తొచ్చినట్టున్నాయి. గొంతు సవరించుకుని మాట మార్చారు. "మానెయ్యడమంటే మానెయ్యడం కాదులెండి. లీవులో ఉంది," అన్నారు నాతో.

నేను ఉద్యోగంలో నేర్చుకున్నది ఒకటే. పెద్దవాళ్ళు చెప్పింది రాసుకోకూడదు, తలకాయనే అడగాలి. దగ్గరికి వెళ్ళి, "నువ్వు ఈ కాలేజీ విద్యార్థినివేనా అమ్మా?" అన్నాను.

లెక్చరరుగారు ఆమెవైపే చూస్తున్నాడు. ప్రిన్సిపాల్‌గారు చూస్తున్నారు. పిల్లలంతా మెడలు తిప్పి చూస్తున్నారు. అవునన్న ఒక్క ముక్క చాలు, అందరికీ గండం గడిచిపోతుంది.

"కాదండి," అంది. "మానేశాను. బొమ్మ వేసిన రోజున మాత్రం వస్తున్నాను."

అక్కడితో నా పని అయిపోయింది నిజానికి. తల ఒకటి తగ్గింది, సభ్యత్వం రద్దు, రాసుకుని బస్సు చూసుకోవడమే. కానీ ఆ పిల్ల అంత నిటారుగా నిలబడి చెప్పింది చూశారూ, కాలు కదపబుద్ధి కాలేదు. ఎందుకు మానేశావమ్మా అని అడిగాను.

"అమ్మ పోయిందండి, వీణ్ణి కని. నాన్న కూలికెళ్తాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. వీణ్ణెత్తుకుని క్లాసుకి రాకూడదన్నారండి," అంది. ఎవరన్నారో చెప్పలేదు. ప్రిన్సిపాల్‌గారు కండువా సర్దుకున్నారు.

తరవాత వరండాలో లెక్చరరుగారు నాకు మిగతా కథ చెప్పాడు. అమ్మాయిది పెనుగొలను. రెండో ఏడు. ఇంటరు పాసైతే మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి తీసుకుంటామని పాస్టరుగారి ద్వారా మాట కూడా వచ్చిందట. తల్లి పోయాక కొన్నాళ్ళు పిల్లాణ్ణి ఎత్తుకునే కాలేజీకి వచ్చింది. ఇది కాలేజా, పురిటిల్లా అని ప్రిన్సిపాల్‌గారు గేటు దగ్గరే ఆపేశారు. పేరు తీసేశారు. అప్పుడు లెక్చరరుగారికి మా షరతు గుర్తొచ్చింది. ఆ అమ్మాయి పోతే డిపార్టుమెంటుకి ఒక తల తక్కువ. మా సంఘానికి ఆ సంగతి చెప్పకుండా, తను పిలిచే హాజరులో ఆమె పేరు అలాగే ఉంచాడు. ఫిల్ము డబ్బా రాగానే పెనుగొలను బస్సు కండక్టరుతో రేపు బొమ్మ ఉందని కబురు పెట్టేవాడు. ఆమె వచ్చేది. ప్రొజెక్టరు తిరుగుతున్నంతసేపూ పిల్లాడు లేవడు కనక ప్రిన్సిపాల్‌గారికి తెలిసేది కాదు.

సభ్యత్వం కోసం చేశారా, ఆ పిల్ల కోసం చేశారా అని అడిగాను. ఆయన చెప్పులు లేని కాళ్ళవంక చూసుకున్నాడు. "మొదట సభ్యత్వం కోసమేనండి. అబద్ధం ఎందుకు. తర్వాత్తర్వాత ఆ అమ్మాయి వచ్చినరోజే పాఠం చెప్పినట్టుండేదండి. మిగతావాళ్ళు బొమ్మ చూస్తారు. తను చూసి అడుగుతుంది," అన్నాడు.

ప్రిన్సిపాల్‌గారి గదిలో మాకు మజ్జిగ ఇచ్చారు. నేను తాగలేదు. తాగితే మెత్తబడతానని భయం. వృక్షశాస్త్రానికి ఒక తల తగ్గింది, వచ్చే నెల నుంచి ఫిల్ములు రావు, ప్రొజెక్టరు పంపేయండి అని చెప్పాను. ఆయన ఆర్ట్సు వాళ్ళలో ఒకణ్ణి కూర్చోబెడతానన్నారు. కుదరదన్నాను. పోనీ ఆ అమ్మాయి పేరు కాగితం మీద ఉంచేద్దామన్నారు. కాగితం కాదండీ, బెంచీ మీద తల కావాలి, అది కూడా బొమ్మ రోజున కాదు, నేను ఏ రోజొచ్చినా కనపడాలి అన్నాను. ఆయన చాలాసేపు గోడకేసి చూశారు. ఆ గోడ అవతల పక్కే 'ఫిల్ముల ద్వారా బోధన' అని రాసుంది.

"మరి ఆ పిల్లాడి సంగతేంటండి?" అన్నారు చివరికి.

"మా షరతుల్లో పసిపిల్లల గురించి ఏమీ లేదండి. అది మీ ఇష్టం," అన్నాను.

ఆయన్ని దుర్మార్గుడనుకోకండి. ల్యాబులో ఆసిడ్లుంటాయి, గాజు సామానుంటుంది, రేపు పిల్లాడికేమన్నా అయితే ఎవరు జవాబుదారీ అని అడిగారు. ఆ మాటలో అబద్ధం లేదు. ల్యాబు ఉన్న గంట వరండాలో ఎవరైనా ఎత్తుకుంటారులెండి అని లెక్చరరుగారు గుమ్మంలోంచి సన్నగా అన్నాడు. ఎవరెత్తుకుంటారు, నువ్వా, నేనా అని ప్రిన్సిపాల్‌గారు గుర్రుమన్నారు. అయినా కాదనలేదు. అమ్మాయి మానేసి ఎక్కువ రోజులు కాలేదు కనక మళ్ళీ చేర్చుకోవడానికి ఆయన చేతిలో అధికారం ఉంది. మజ్జిగ అప్పుడు తాగాను. పుల్లగా ఉంది.

బెజవాడ వచ్చి జరిగింది జరిగినట్టు మా ఆఫీసరుకి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాలేజీలో ఎవర్ని చేర్చుకోవాలో చెప్పడం మన పనా అని కోప్పడ్డాడు. నేను చేర్చుకోమనలేదండీ, తల తగ్గితే ఫిల్ములు ఆగుతాయన్నానంతే, అది షరతే కదా అన్నాను. అతికే పెద్దాయన పక్కన కూర్చుని రీలు అతుకుతూ, తలకాయల గుమాస్తాకి ఇన్నాళ్ళకి తలలో ఏదో ఉందని తెలిసింది అన్నాడు. ఆఫీసరు కూడా నవ్వాపుకోలేకపోయాడు. మళ్ళీ తనిఖీ దాకా రెండు నెలలు గడువిచ్చాడు.

ఆ రెండు నెలలూ నాకు మనసు మనసులో లేదు. అమ్మాయి రాకపోతే ఏం చెయ్యాలి? రాసుకుని రావాలి, అంతే. నేను పెట్టిన మెలికే కదా. కూలికెళ్ళే తండ్రి ఒప్పుకోకపోవచ్చు. పిల్లాడికి జ్వరమొచ్చి ఉండొచ్చు. ప్రిన్సిపాల్‌గారు మనసు మార్చుకుని ఫిల్ములే వద్దనుకోనూవచ్చు. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు ఫిల్మేమీ లేని రోజు చూసి మరీ వెళ్ళాను. కిటికీలోంచి చూశాను. క్లాసు జరుగుతోంది. ఆ అమ్మాయి ఉంది, ముందు బెంచీలో. పిల్లాడు ఒక కుర్రాడి ఒళ్ళో కూర్చుని వాడి పెన్ను మూత చప్పరిస్తున్నాడు. లోపలికి వెళ్ళి లెక్కపెట్టవలసిన పనేమీ కనపడలేదు. కళ్ళు తుడుచుకుని ఆఫీసు గదివైపు నడిచాను. ఏడుపొచ్చిందని చెప్పడానికి ఈ వయసులో సిగ్గెందుకు.

ఆ తరవాత ప్రాక్టికల్ పరీక్షలప్పుడు మరోసారి వెళ్ళాను, వచ్చే ఏటికి సభ్యత్వం మాట్లాడ్డానికి. ల్యాబు తలుపులు మూసి ఉన్నాయి. బయటినుంచి పరీక్షాధికారి వచ్చాడట, పురుగు కూడా లోపలికి పోకూడదట. వరండాలో ప్రిన్సిపాల్‌గారు ఆ చివర్నించి ఈ చివరికి నడుస్తున్నారు. చేతిలో బెత్తం లేదు. భుజం మీద పిల్లాడున్నాడు, వాడి చొంగతో కండువా తడిసి ముద్దయింది. నేను నమస్కారమండీ అనబోతే, వేలు పెదాల మీద పెట్టి, "ఇప్పుడే పడుకున్నాడండి, కాస్త మెల్లిగా," అన్నారు. రోజూ ల్యాబు గంటలో ఆయనే ఎత్తుకుంటున్నారని ఆఫీసు గుమాస్తా నా చెవిలో చెప్పాడు. ఇంకెవరికిచ్చినా ఆయనకి నమ్మకం లేదట. సభ్యత్వం మాటలు గుసగుసల్లోనే అయ్యాయి. సంతకం ఆయన ఎడమచేత్తో పెట్టారు.

తలుపు తీశారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. అమ్మాయి వేళ్ళు ల్యాబు రంగు అంటుకుని ఎర్రగా ఉన్నాయి. ఎలా చేశావని ప్రిన్సిపాల్‌గారు అడిగితే బాగా చేశానండీ అని చెప్పి, చేతులు కడుక్కొచ్చి తమ్ముణ్ణి అందుకుంది. వాడు ఆయన కండువా వదల్లేదు. కాసేపు ముగ్గురూ ఆ కండువాతో అవస్థ పడ్డారు. ఆయన దాన్ని వాడికే వదిలేసి గదిలోకి వెళ్ళిపోయారు.

నన్ను గుర్తుపట్టి ఆ అమ్మాయి దగ్గరికొచ్చింది. నర్సు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టిందట, అక్కడ పసివాణ్ణి ఉంచడానికి చోటుందో లేదో పాస్టరుగారు కనుక్కుంటున్నారట. ఇంకేదో చెప్పాలని ఆగింది.

"ఆ రోజు సార్ నన్ను లీవులో ఉందన్నప్పుడు నేనూ అవునందామనే అనుకున్నానండి," అంది.

మరి ఎందుకనలేదమ్మా అన్నాను.

"అవునంటే మీరు రాసుకుని వెళ్ళిపోయేవారండి. అందరికీ సరిపోయేది. నేను బొమ్మ రోజుకొచ్చి, బొమ్మవగానే ఇంటికెళ్ళేదాన్ని." పిల్లాణ్ణి ఈ భుజం నించి ఆ భుజానికి మార్చుకుంది. "కాదంటే, ఎందుకు కాదని పదిమందిలో ఒక్కరైనా అడుగుతారనుకున్నానండి."